సాక్స్-జిమ్ బాగ్‌లో గుడ్లగూబలు: చలికాలం చివర వెళ్లేవారికి గైడ్

మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది ఫిబ్రవరి నెలంతా ఇంట్లో హీటర్ దగ్గరే గడిపేస్తారు. తప్పు పట్టలేం. ఉత్తర మిన్నెసోటా చలి మామూలుది కాదు. 1996 ఫిబ్రవరి 2న టవర్ అనే ఊళ్లో మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, రాష్ట్రంలో ఇప్పటికీ అదే రికార్డు. ఆ ఊరికి నైరుతిగా, కారులో గంటకు కాస్త అటూ ఇటూగా వెళ్తే సాక్స్-జిమ్ బాగ్ వస్తుంది. డులూత్‌కి వాయవ్యంగా సుమారు 300 చదరపు మైళ్లు పరుచుకున్న చిత్తడి నేల ఇది. నల్ల స్ప్రూస్ అడవి, టామరాక్ చెట్లు, మధ్యమధ్యలో గడ్డి పొలాలు, అక్కడక్కడా విసిరేసినట్టు ఇళ్లు. సాక్స్, జిమ్ అనేవి ఒకప్పుడు అక్కడున్న రెండు చిన్న ఊళ్లు. అమెరికాలో ఉత్తరాది గుడ్లగూబల్ని చూడాలనుకునేవాళ్లు ముందుగా చెప్పుకునే పేర్లలో ఇదొకటి.

"మంచి చలి ఉన్నప్పుడు, జనవరిలో వెళ్తేనే కనిపిస్తాయి కదా?" అని చాలామంది అడుగుతారు. నా ఓటు ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మధ్య వరకు ఉన్న రోజులకే. కారణం మంచులో ఉంది. చలికాలం ముదిరేకొద్దీ మంచు లోతుగా పేరుకుంటుంది. మధ్యలో ఒకట్రెండు రోజులు ఎండ కాసి పైపొర కరుగుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకట్టి గట్టి పెచ్చు కడుతుంది. ఈ పక్షుల ప్రధాన ఆహారం వోల్ అనే పొట్టితోక ఎలుక. అది ఆ పెచ్చు కింద హాయిగా తిరుగుతూ ఉంటుంది, పైన గుడ్లగూబకు తిండి దొరకడం కష్టమవుతుంది. రాత్రి వేట సరిపోక పగలు కూడా రోడ్డు పక్కకి వచ్చి కూర్చుంటుంది. పైగా పగటి పొద్దు పెరుగుతుంది కాబట్టి మనకు వెతకడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

అంటే మనకు అది సులువుగా కనిపిస్తోందంటే, చాలాసార్లు అది ఆకలి మీద ఉందనే అర్థం. కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: ఈ ఏడాది ఎలా ఉందో తెలుసుకోండి

గుడ్లగూబలు ప్రతి ఏడూ ఒకే సంఖ్యలో రావు. కెనడా అడవుల్లో వోల్‌ల సంఖ్య కొన్నేళ్లు పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. పడిపోయిన ఏడాది గ్రేట్ గ్రే ఔల్, నార్తర్న్ హాక్ ఔల్, బోరియల్ ఔల్ అనే మూడు జాతుల గుడ్లగూబలు తిండి వెతుక్కుంటూ దక్షిణానికి దిగుతాయి. 2004-05 చలికాలంలో ఒక్క మిన్నెసోటాలోనే 5,000కు పైగా గ్రేట్ గ్రే ఔల్‌లను లెక్కగట్టారు. పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆ ఏడాది గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 2022-23లో డులూత్ పరిసరాల్లో బోరియల్ ఔల్‌లు అసాధారణంగా కనిపించాయి. మామూలు ఏడాదుల్లో గ్రేట్ గ్రేలు కొన్నే ఉంటాయి, ఒక రోజంతా తిరిగినా ఒకటి కనిపిస్తే సంతోషించాలి. ఇది ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

స్నోయీ ఔల్ అనే తెల్ల గుడ్లగూబ లెక్క వేరు. ఆర్కిటిక్‌లో లెమ్మింగ్‌లు (వోల్ లాంటి చిన్న ఎలుకలు) విపరీతంగా పెరిగిన వేసవిలో అవి ఎక్కువ పిల్లల్ని పెడతాయి. ఆ కుర్ర పక్షులు చలికాలానికి దక్షిణానికి వస్తాయి. 2013-14లో గ్రేట్ లేక్స్ చుట్టూ, తూర్పు రాష్ట్రాల్లో కనిపించిన పెద్ద వలస అలాంటిదే. అంటే ఒక జాతి ఆకలితో దిగితే, ఇంకో జాతి కడుపు నిండిన ఏడాది తర్వాత దిగుతుంది.

ప్రయాణానికి వారం ముందు, ఎవరు ఎక్కడ ఏ పక్షిని చూశారో నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, బాగ్ ఉన్న సెయింట్ లూయిస్ కౌంటీ తాజా రికార్డులు చూడండి. కొన్ని సున్నితమైన జాతుల ఖచ్చితమైన చోటుని ఈబర్డ్ బయటపెట్టదు, అందుకు చిరాకు పడకండి. అక్కడికి వెళ్లాక ఔల్ అవెన్యూలో ఉన్న వెల్‌కమ్ సెంటర్‌లో అడిగితే సరిపోతుంది. ఫ్రెండ్స్ ఆఫ్ సాక్స్-జిమ్ బాగ్ అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని నడుపుతోంది. డిసెంబర్ మధ్య నుంచి మార్చి మధ్య వరకు తెరిచి ఉంటుంది. మ్యాప్ తీసుకోండి, ఆ వారం ఏవేవి కనిపించాయో కనుక్కోండి, లోపల కాసేపు వెచ్చగా కూర్చోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అక్కడి వలంటీర్లు ఇచ్చే సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు.

రెండో అడుగు: రాత్రే దగ్గరికి చేరుకోండి

మినియాపొలిస్ నుంచి ఇంటర్‌స్టేట్ 35 మీద క్లోకే దాకా, అక్కడ 33, తర్వాత 53 హైవే పట్టుకుని కాటన్ అనే ఊరికి చేరుకోవాలి. మొత్తం మూడు గంటలు వేసుకోండి. కాటన్ నుంచి పడమరగా తిరిగితే బాగ్ మొదలవుతుంది. ఫిబ్రవరి మూడో వారంలో అక్కడ సూర్యోదయం ఉదయం 7 గంటల ప్రాంతంలో, అస్తమయం సాయంత్రం 5.40 ప్రాంతంలో. తెల్లవారేసరికి మీరు బాగ్ లోపల ఉండాలి. ఇంటి దగ్గర అర్ధరాత్రి లేచి, మంచు రోడ్డు మీద నిద్రమత్తులో డ్రైవ్ చేసే సాహసం వద్దు. ముందురోజు రాత్రి డులూత్‌లోనో, క్లోకేలోనో, ఎవెలెత్‌లోనో హోటల్ తీసుకోండి.

పెట్రోల్ అక్కడే ఫుల్ చేయించుకోండి, బాగ్ లోపల బంకులు వెతుక్కునే పని పెట్టుకోవద్దు. సెల్ సిగ్నల్ కొన్నిచోట్ల అంతంతమాత్రమే, మ్యాప్‌ని ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. కారులో దుప్పటి, పార, టార్చి, జంపర్ కేబుల్స్ ఉంచండి. రోడ్డు పక్కన చదునుగా కనిపించే మంచుని నమ్మొద్దు. దాని కింద లోతైన కాలువ ఉంటుంది. గుడ్లగూబని చూసిన ఆనందంలో కారు పక్కకి తీసి, ట్రాక్టర్ కోసం ఎదురుచూసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

మూడో అడుగు: ఒంటి మీద, చేతిలో

బట్టల గురించి ఎక్కువ చెప్పను, మిన్నెసోటాలో ఒక చలికాలం గడిపినవాళ్లకు తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. ఆఫీసు పార్కింగ్‌కి సరిపోయే బూట్లు అరగంట కదలకుండా నిలబడితే సరిపోవు. మైనస్ 40కి తట్టుకునే బూట్లు, లోపల ఉన్ని సాక్సులు, జేబులో హ్యాండ్ వార్మర్లు. పిల్లలుంటే వాళ్లకి అదనపు గ్లౌజుల జత తప్పనిసరి, మొదటి జత గంటలో తడిసిపోతుంది.

బైనాక్యులర్స్ 8×42 అయితే ఎవరికైనా సరిపోతాయి. కెమెరా ఉంటే 400 మి.మీ. లేదా అంతకన్నా పెద్ద లెన్స్ పెట్టండి, దగ్గరికి వెళ్లాలన్న ఆశ తగ్గుతుంది. స్పేర్ బ్యాటరీలు లోపలి జేబులో ఉంచండి. కారు కిటికీలోంచి ఫోటో తీసేటప్పుడు హీటర్ ఆపేయండి. లోపలి వేడి గాలి, బయటి చల్లగాలి కలిసేచోట దృశ్యం అలలు అలలుగా ఊగుతుంది, ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఫోటో మసకగానే వస్తుంది. హోటల్‌కి వచ్చాక కెమెరాని బ్యాగ్‌లోనే జిప్ వేసి రెండు మూడు గంటలు వదిలేయండి. వెంటనే బయటికి తీస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది.

తిండి విషయానికొస్తే, పులిహోర, చపాతీ రోల్స్ లాంటివి కారు లోపలే ఉంచుకోండి. డిక్కీలో పెడితే మధ్యాహ్నానికి గడ్డకట్టిపోతాయి. ఫ్లాస్కులో టీ మాత్రం మరిచిపోవద్దు.

నాలుగో అడుగు: వెతికే పద్ధతి

మొదటిసారి వచ్చినవాళ్లు చేసేది ఒకటే: మ్యాప్‌లో ఉన్న రోడ్లన్నీ తిరిగేయడం. రోజంతా 150 మైళ్లు తిరిగి, ఏమీ కనబడలేదని వెళ్లిపోతారు. గుడ్లగూబలు తిరిగేది పొద్దున మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు. ఆ నాలుగు గంటలకీ రెండో మూడో రోడ్లు ఎంచుకుని, వాటి మీదే మెల్లగా, మళ్లీ మళ్లీ వెళ్లండి. అడ్మిరల్ రోడ్, మెక్‌డేవిట్ రోడ్, నికల్స్ లేక్ రోడ్, స్టోన్ లేక్ రోడ్ లాంటివి ఎక్కువగా చెప్పుకునే పేర్లు. పది నిమిషాల క్రితం ఖాళీగా ఉన్న చెట్టు మీద ఇప్పుడు గుడ్లగూబ కూర్చుని ఉండొచ్చు. అది ఎగిరి వచ్చేటప్పుడు చప్పుడు కాదు.

గంటకు 15, 20 మైళ్లకు మించొద్దు. డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉండాలి, చూసే పని పక్క సీట్లో వాళ్లది, వెనక కూర్చున్నవాళ్లది. కుటుంబంతో వెళ్తే ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు అని పంచుకోండి. పిల్లల కళ్లు మనకన్నా చురుకు.

ఎక్కడ చూడాలి? అడవి లోపలికి కాదు, అడవి ఆగిపోయి గడ్డి మైదానం మొదలయ్యే అంచుల్లో. స్ప్రూస్ కొమ్మల నడుమ, విరిగిన మొద్దుల మీద, రోడ్డు గుర్తుల స్తంభాల మీద, కంచె గుంజల మీద. టామరాక్ చెట్లు చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి ఎండిపోయినట్టు ఉంటాయి, వాటి మీద కూర్చున్న పక్షి దూరం నుంచే కనబడుతుంది. పక్షి కోసం వెతక్కండి, ఆకారం కోసం వెతకండి: చెట్టుకి అతకని ఒక ముద్ద, ఉండాల్సిన దానికన్నా లావుగా ఉన్న మొద్దు. పదిలో తొమ్మిది నిజంగా మొద్దులే అవుతాయి, పదోది తల తిప్పుతుంది.

మంచు మీద గుర్తులు కూడా చదవండి. మైదానంలో ఒక గుంత, దానికి రెండు వైపులా రెక్కల అచ్చు కనిపిస్తే అక్కడ వేట జరిగినట్టే. గ్రేట్ గ్రే చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఆ తేడా వల్ల అడుగున్నర మంచు కింద కదిలే వోల్ ఎక్కడుందో శబ్దం బట్టి పసిగడుతుంది. అయితే మంచు పొర శబ్దాన్ని వంచేస్తుంది, ఎలుక ఉన్న చోటు కాకుండా పక్క చోటు నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. దాన్ని సరిచేసుకోవడానికే వేటకు ముందు గుడ్లగూబ సరిగ్గా ఎలుక పైకి వచ్చి గాల్లో ఆగుతుందని 2022లో ఒక పరిశోధన తేల్చింది. మీ ముందు అది గాల్లో నిలబడి రెక్కలాడిస్తుంటే కెమెరా సిద్ధం చేసుకోండి, తర్వాతి క్షణంలో కాళ్లు ముందుకు చాపి మంచులోకి దూకుతుంది.

వాతావరణం కూడా చూసుకోవాలి. మబ్బు పట్టి, గాలి లేకుండా, చిరుమంచు రాలే రోజు శ్రేష్ఠం, అలాంటప్పుడు మధ్యాహ్నం కూడా వేటాడుతుంటాయి. పెద్ద గాలి వీస్తే వినికిడి పని చేయదు కాబట్టి అవి అడవి లోపలే ఉండిపోతాయి. ఆ రోజు ఫీడర్ల (పిట్టలకు తిండి పెట్టే గూళ్ల) దగ్గర గడపడం తెలివైన పని.

ఐదో అడుగు: ఏది ఏదో గుర్తుపట్టడం

గ్రేట్ గ్రేని ఒకసారి చూస్తే మరిచిపోరు. రెండడుగులకు మించిన పొడవు, కొమ్ముల్లేని పెద్ద గుండ్రటి తల, ముఖం మీద ఒకదానిలో ఒకటిగా బూడిద రంగు వలయాలు, మధ్యలో చిన్న పసుపు కళ్లు, గడ్డం కింద తెల్లటి బో-టై. చూడటానికి భారీగా ఉన్నా బరువు సుమారు కిలో మాత్రమే, మిగతాదంతా ఈకలే. దానికన్నా పొట్టిగా కనిపించే గ్రేట్ హార్న్డ్ ఔల్ బరువులో దీన్ని మించిపోతుంది. తల మీద కొమ్ముల్లాంటి ఈకలుంటే అది గ్రేట్ హార్న్డ్. కళ్లు నల్లగా ఉంటే బార్డ్ ఔల్. మొదటిసారి వెళ్లేవాళ్లు బార్డ్ ఔల్‌ని చూసి గ్రేట్ గ్రే అనుకోవడం మామూలే, అందుకే ముందు కళ్ల రంగు చూడండి.

నార్తర్న్ హాక్ ఔల్ పూర్తిగా పగటి పక్షి. చెట్టు చిట్టచివరి కొమ్మ మీద, పొడవాటి తోకతో, దూరం నుంచి డేగలా కనిపిస్తుంది. ఛాతీ మీద అడ్డచారలు, ముఖానికి రెండు వైపులా నల్లటి చట్రం. ఇది చెవి కన్నా కంటినే ఎక్కువ నమ్ముకుంటుంది, ఒకే మైదానంలో వారాల తరబడి ఉండిపోతుంది. అందువల్ల నిన్న ఎవరైనా చూశామని చెబితే ఇవాళ కూడా అక్కడే ఉండే అవకాశం బాగానే ఉంటుంది.

బోరియల్ ఔల్ చాలా చిన్నది, పది అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని సా-వెట్ ఔల్ అనే ఇంకో బుల్లి గుడ్లగూబతో కలిపేస్తుంటారు. బోరియల్ నుదురు మీద తెల్ల చుక్కలు, ముఖం చుట్టూ నల్ల అంచు, లేత రంగు ముక్కు. సా-వెట్ ఇంకా చిన్నది, నుదురు మీద సన్నని గీతలు, ముక్కు నలుపు. గట్టిపడిన మంచు గ్రేట్ గ్రేని అంతగా ఆపలేదు, అది బరువుగా దూకి పెచ్చు పగలగొట్టగలదు. ఐదారు ఔన్సుల బోరియల్‌కి ఆ బలం లేదు. ఫిబ్రవరి చివర్లో పట్టపగలు ఇళ్ల పక్కన కూర్చుని కునికిపాట్లు పడే బోరియల్ కనిపిస్తే, అది మచ్చికైనది అనుకోవద్దు. దానికి ఎగిరిపోయేంత ఓపిక కూడా లేకపోవచ్చు.

ఆరో అడుగు: కనిపించాక ఏం చేయాలి

కారులోనే ఉండండి. పక్షికి కారు అంటే అంత భయం ఉండదు, తలుపు తీసి దిగిన మనిషంటే ఉంటుంది. ముందూ వెనకా చూసుకుని కుడివైపు ఆపి, ఇంజన్ ఆపేసి, కిటికీ దించి చూడండి. 53 హైవే మీద మాత్రం ఎంత గొప్ప పక్షి కనిపించినా ఆపొద్దు. లోపలి రోడ్ల మీద కూడా కలప లారీలు తిరుగుతుంటాయి, మలుపుల్లో ఆపకూడదు.

అది తల తిప్పి మిమ్మల్నే చూస్తూ, ఈకలు దగ్గరికి లాక్కుని సన్నగా నిటారుగా అయితే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం, వెనక్కి వెళ్లండి. మీ వల్ల అది ఎగిరిపోతే వెంటపడొద్దు. ఒక వోల్ కోసం అరగంట నుంచి కాచుకుని ఉండి ఉండొచ్చు, మీరు చెడగొట్టిన వేట దానికి ఆ పూట భోజనం.

ఫోన్లో గుడ్లగూబ కూత పెట్టి రప్పించడం, పెట్ షాపులో కొన్న ఎలుకల్ని మంచు మీద వదిలి ఫోటోలు తీసుకోవడం, ఈ రెండూ అక్కడ కొందరు చేస్తుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో కెమెరా వైపే సూటిగా ఎగిరి వచ్చే ఫోటోల్లో కొన్ని అలాంటివే. ఎలుకలకి అలవాటుపడిన గుడ్లగూబ రోడ్డు మీదికి, కార్ల కిందికి వస్తుంది. ఎలుక వెయ్యకపోయినా రోడ్డు పక్క కాలువల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ ఎన్నో కార్లకి తగిలి చనిపోతుంటాయి. నాకైతే వెయ్యి లైకుల ఎలుక ఫోటో కన్నా, వంద గజాల దూరం నుంచి తీసిన మసక ఫోటోయే ఇష్టం.

బాగ్‌లో చాలా భూమి ప్రైవేటుది. రోడ్డు దాటి లోపలికి నడవకండి. ఇళ్ల ముందు గుంపుగా నిలబడి బైనాక్యులర్స్ పెట్టి చూస్తే లోపలివాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంకో సంగతి: కింద పడిన ఈక దొరికితే జేబులో వేసుకోవద్దు. వలసపక్షుల రక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబ ఈక దగ్గర ఉంచుకోవడం నేరం, నేల మీద దొరికినా సరే. పిల్లలకి ఇది ముందే చెప్పండి, లేకపోతే ఇంటికెళ్లాక బ్యాక్‌ప్యాక్‌లో బయటపడుతుంది.

ఏడో అడుగు: మధ్యాహ్నం ఫీడర్ల దగ్గర

తొమ్మిదిన్నర, పది తర్వాత గుడ్లగూబల్ని వదిలేసి ఫీడర్లకి వెళ్లండి. అడ్మిరల్ రోడ్ మీద ఉన్నవి, వెల్‌కమ్ సెంటర్ దగ్గర ఉన్నవి ముందు చూడండి. ఈవినింగ్ గ్రోస్‌బీక్ అనే పిట్ట కావాలంటే ఇంకా ముందే, పొద్దున్నే వెళ్లాలి. పేరులో సాయంత్రం ఉంది గానీ అది వచ్చేది ఉదయమే. పసుపు, నలుపు, తెలుపు కలిసిన ఆ గుంపు కాసేపట్లో వచ్చి వెళ్లిపోతుంది.

కెనడా జే, పైన్ గ్రోస్‌బీక్, రెడ్‌పోల్ అనే పిట్టలు సులువుగానే కనిపిస్తాయి. బోరియల్ చికడీ అనే చిన్న పిట్టకి మాత్రం ఓపిక కావాలి. మామూలు చికడీకి నల్ల టోపీ, దీనికి గోధుమ రంగు టోపీ, గొంతు బొంగురు. ఫీడర్ల దగ్గర వేలాడదీసిన కొవ్వు కోసం వస్తుంది. నల్ల వీపు వడ్రంగిపిట్ట కోసం చెట్ల బెరడు చూడండి. బెరడు పెచ్చులుగా ఊడిపోయి లోపల లేత రంగు కనిపించే స్ప్రూస్, టామరాక్ దగ్గర ఆగి, ముక్కుతో తట్టే చప్పుడు కోసం వినండి. అదృష్టం ఉంటే ఫీడర్ కింద ముంగిసలా సన్నగా ఉండే తెల్లటి ఎర్మిన్ గానీ, దాని జాతిదే అయిన పెద్ద జంతువు పైన్ మార్టెన్ గానీ కనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: ఇంకో రోజు ఉంటే డులూత్, సుపీరియర్

స్నోయీ ఔల్‌కి చెట్లు అక్కర్లేదు. ఆర్కిటిక్ టండ్రాలాంటి చెట్లులేని బయలు చాలు. అందుకే దానికోసం బాగ్‌లో కాకుండా డులూత్-సుపీరియర్ హార్బర్ వైపు, ముఖ్యంగా విస్కాన్సిన్‌లోని సుపీరియర్ పారిశ్రామిక ప్రాంతం, విమానాశ్రయం చుట్టుపక్కల వెతుకుతారు. పగలంతా నేల మీద మంచు గడ్డలా కూర్చుని, సూర్యాస్తమయానికి కాస్త ముందు కరెంటు స్తంభాల మీదికి వస్తుంది, ఆ సమయానికి వెళ్లడమే సులువు. డులూత్ వీధుల్లో మౌంటెన్ యాష్ చెట్ల మీద ఎర్ర పండ్లు మిగిలి ఉంటే బొహీమియన్ వాక్స్‌వింగ్ అనే పిట్టల గుంపులు కూడా కనిపిస్తాయి. బోరియల్ వచ్చిన ఏడాది అయితే డులూత్ నుంచి టూ హార్బర్స్ అనే ఊరి దాకా సుపీరియర్ సరస్సు వెంబడి పాత 61 రోడ్డు మీద మెల్లగా వెళ్లండి.

చీకటి పడ్డాక

చూడటం అయిపోయాక వినడం మొదలుపెట్టొచ్చు. మార్చి వచ్చేసరికి గుడ్లగూబలు జతకట్టే కాలం. గాలి లేని రాత్రి ఊరికి దూరంగా, సురక్షితమైన చోట కారు ఆపి పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. "హు-హు-హుహూ, హు-హు-హుహూవా" అని లయగా వస్తే బార్డ్ ఔల్. లారీ రివర్స్ చేసేటప్పుడు వచ్చే బీప్‌లా ఒకే స్వరం ఆగకుండా వస్తే సా-వెట్. గబగబా పెరిగే "పు-పు-పు-పు" బోరియల్‌ది. గ్రేట్ గ్రే కూత చాలా మంద్రంగా ఉంటుంది, దగ్గరలో ఉంటేనే వినిపిస్తుంది.

మూడు గంటల డ్రైవ్ కుదరనివాళ్లు ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) పార్కుల్లోనే గ్రేట్ హార్న్డ్ ఔల్‌ని వినొచ్చు. ఫిబ్రవరిలోనే గుడ్లు పెట్టి, మంచు పడుతున్నా గూటి మీద పొదుగుతూ కూర్చుంటుంది. గూడు దొరికితే దూరం నుంచి చూసి, ఆ చోటు ఎవరికీ పంచకండి.

గుడ్లగూబ కనబడితే అపశకునం అనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు కారులో ఉంటే ఆ చర్చ తప్పదు. బైనాక్యులర్స్ వాళ్ల చేతికి ఇస్తే ఆ పసుపు కళ్లు చూశాక మాట మారే అవకాశం ఎక్కువ.

దెబ్బ తగిలిన పక్షి కనిపిస్తే

రోడ్డు పక్కన ఎగరలేక పడి ఉన్న గుడ్లగూబని చేత్తో పట్టుకోవద్దు, నీళ్లు, ఆహారం పెట్టొద్దు. దాని గోళ్లు చర్మంలోకి దిగిపోతాయి. చోటు గుర్తుపెట్టుకుని వెల్‌కమ్ సెంటర్ వాళ్లకి చెప్పండి, లేదా సెయింట్ పాల్‌లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన రాప్టర్ సెంటర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఆ నంబరు బయల్దేరే ముందే ఫోన్లో సేవ్ చేసుకోవడం మంచిది.

ఇంటికి వచ్చాక చూసినవి ఈబర్డ్‌లో ఎక్కించండి, ఏమీ కనిపించకపోయినా సరే. తిరిగిన సమయం, దూరం రాసిన ఖాళీ జాబితా కూడా ఆ ఏడాది గుడ్లగూబలు ఎన్ని వచ్చాయో అంచనా వేయడానికి పనికొస్తుంది. మార్చి మధ్య దాటాక మట్టి రోడ్లు మెత్తబడతాయి, ఉత్తరాది గుడ్లగూబల్లో చాలావరకు వెనక్కి వెళ్లిపోతాయి. అప్పటికీ ఓపిక ఉన్నవాళ్లు ఏప్రిల్‌లో తెల్లవారుజామున మళ్లీ రావచ్చు. షార్ప్-టెయిల్డ్ గ్రౌస్ మగపక్షులు ఈ గడ్డి మైదానాల్లోనే చేరి రెక్కలు చాపి, కాళ్లు టపటపలాడిస్తూ ఆడపక్షుల ముందు నాట్యం చేస్తాయి. దానికి మాత్రం ఇంకా చీకటి ఉండగానే వచ్చి కారులో కూర్చోవాలి.